జీరో టికెట్టు చదువు

కృష్ణానగర్ గల్లీలో కింద టిఫిన్ సెంటర్, పైన డిగ్రీ కాలేజీ. అకౌంట్స్ కన్నా ముందు అల్లం చట్నీ తలకెక్కుతుంది. గ్రౌండేదని అడిగితే సెల్లార్ చూపిస్తారు. ఆటలాడాలంటే ముందు బైకులు తీయించాలి.

ఇక్కడ చదివే అమ్మాయి మాత్రం దర్జాగానే వస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సులో ఆధార్ చూపిస్తే చాలు, కండక్టర్ జీరో టికెట్టు చింపి చేతిలో పెడతాడు. కాలేజీలక్కూడా సర్కారు అదే టికెట్టు కొట్టినట్టుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి మరి!

‘‘సార్, నా టీసీ?’’

‘‘ఫీజు కట్టి పట్టుకెళ్లమ్మా. గవర్నమెంటు ఇచ్చాక నీకు తిరిగిచ్చేస్తాం.’’

ఎప్పుడని అడిగితే పిల్లకు మర్యాద తెలీదంటారు.

సాయంత్రం అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్. అక్కడ రీయింబర్స్‌మెంట్ గొడవే లేదు, రొక్కమే. అందుకే కాబోలు క్లాసు ఒక్కరోజూ ఆగదు. ఇక ఆదివారం జూనియర్ ఆర్టిస్టుగా షూటింగ్‌కి వెళ్తే, సినిమావాళ్లు అసలైన కాలేజీలో కూర్చోబెడతారు. పచ్చిక, లైబ్రరీ, ఫౌంటెన్. పైగా కూర్చున్నందుకు ఎదురు డబ్బులిస్తారు.