పాత రోడ్డు, కొత్త బిల్లు

డాంబరు రోడ్డులో డాంబరు తక్కువ. బరువులో నూటికి 95 పాళ్లు కంకర, డస్టు. తారు 5 పాళ్లకు అటూ ఇటూ. ఎండకూ గాలికీ ఆ తారులోని జిడ్డు తగ్గి, బిరుసెక్కి పగులుతుంది. కంకర మాత్రం చాలావరకు గట్టిగానే ఉంటుంది. ఈ పాత సరుకును గీకి, కొత్త మిశ్రమంలో కలిపి మళ్లీ పరవడమే తారు రోడ్ల రీసైక్లింగ్. పాత రోడ్డుకే మళ్లీ బిల్లు పెట్టడం ఈ నిర్వచనం కిందికి రాదు. అది వేరే శాస్త్రం, ఇంకా ప్రాచీనమైనది.

రోడ్డు పాడవడానికి కావలసిన వనరులన్నీ మిర్యాలగూడ దగ్గరి త్రిపురారం చుట్టుపక్కల పుష్కలం. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కాబట్టి నీళ్లొచ్చిన ఏడు రెండు పంటలూ వరే. దమ్ము చేసి మడిలోంచి నేరుగా రోడ్డెక్కిన ట్రాక్టరు కేజ్‌వీల్స్, రోడ్డు గీకే ఖరీదైన మిల్లింగ్ మిషన్ పనిని ఉచితంగా చేసిపెడతాయి. కోతలయ్యాక అదే రోడ్డు వడ్ల కల్లం. ఆ వడ్లు లారీలెక్కి మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లవుతుందని అమెరికాలో 1958-60 మధ్య నడిచిన రోడ్డు పరీక్షల లెక్క. లారీ ఎక్కించేవాళ్లు గుణకారం మొదటి మెట్టు దగ్గరే ఆపేస్తారు.

చెడిన రోడ్డుకు వాడుకలో ఉన్న వైద్యం ఒక్కటే: మీద ఇంకో పొర. పొర వేసినప్పుడల్లా రోడ్డు పెరుగుతుంది, ఇల్లు దిగుతుంది. రెండు మెట్లెక్కి ఇంట్లోకి పోయిన కుటుంబం కొన్నేళ్లకు రెండు మెట్లు దిగి పోతుంది. వానాకాలంలో నీళ్లూ అదే దారి పడతాయి. పాత పొర గీకిన తర్వాతే కొత్త పొర వేయాలని తమిళనాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి 2021లో ఆదేశమే ఇవ్వాల్సి వచ్చింది.

గీకాక చేయాల్సిన పని పెద్ద రహస్యమేమీ కాదు. పాత పొడిని నేరుగా మంటకు చూపితే తారు మాడి పొగలేస్తుంది. అందుకే కొత్త కంకరను మామూలుకన్నా ఎక్కువ కాల్చి, ఆ వేడితో పాతదాన్ని కరిగిస్తారు. బిరుసెక్కిన పాత తారుకు జోడీగా, మామూలుగా వాడే వీజీ-30 రకం బదులు మెత్తని వీజీ-10 కలుపుతారు, లేదా జీవం పోసే నూనెలు చేరుస్తారు. బజ్జీలు వేగి నల్లబడిన వంటనూనె కూడా ఇందుకు పనికొస్తుందని ప్రయోగశాలలు తేల్చాయి. కడుపును చెడగొట్టే నూనె రోడ్డును బాగుచేస్తుందన్నమాట.

సరుకు ఎంతో చూస్తే, ఏడు మీటర్ల వెడల్పు రోడ్డును కిలోమీటరు పొడవున 40 మిల్లీమీటర్ల మందం గీకితే సుమారు 670 టన్నులు లేస్తుంది. అందులో తారే 30 టన్నులకు పైగా. ముడిచమురులో ఎక్కువ భాగాన్ని బయటి నుంచి కొనే దేశానికి ఇది చిన్న సంగతి కాదు. 1973 చమురు సంక్షోభంతో మేలుకున్న అమెరికా ఇప్పుడు కొత్త మిశ్రమంలో సగటున ఐదో వంతు పాతదే కలుపుతోంది. జపాన్‌లో అది దాదాపు సగం. మన దగ్గర ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే ఐఆర్‌సీ 120 పేరిట విధివిధానాలు అచ్చువేసింది. పుస్తకానికి ఇంతవరకూ ఒక్క గుంతా పడలేదు.

అడ్డంకి రసాయనశాస్త్రంలో లేదు, పనుల కొలతలు రాసే ఎం-బుక్‌లో ఉంది. వేసిన పొరకు అందులో కొలత ఉంటుంది, కొలతకు బిల్లుంటుంది. గీకిన పొరను తూచి రాస్తే దాని విలువను అంచనాలోంచి తగ్గించాలి. తగ్గించే పద్దు ఎవరికీ ఇష్టమైన పద్దు కాదు. కాబట్టి పాత సరుకు రోడ్డు అంచుల్లోకో, ఎవరి వెంచర్ దారిలోకో చేరి, అక్కడ లెక్కకందని రీసైక్లింగ్ పొందుతుంది.

ఇదంతా తూచడం చేతకాని ప్రాంతంలో జరిగితే సర్దుకోవచ్చు. కానీ ఇక్కడ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే రైతు వడ్లు వెనక్కి పోతాయి; బస్తాకు తరుగు కిలోల్లో తీస్తారు. పాత తారు కుప్పకూ తేమే శత్రువు: తడి పెరిగితే ఆరబెట్టడానికి ఇంధనం పెరుగుతుంది, అందుకే రేకుల కింద పోయాలి. ఆ కుప్ప దగ్గర తేమ మిషనూ ఉండదు, కాటా ఉండదు, తరుగు అడిగే మనిషీ ఉండడు. రీసైక్లింగ్‌కు కావలసిన యంత్రాలు మూడు: గీకేది, కాల్చేది, తూచేది. మొదటి రెండూ అద్దెకు తెచ్చుకోవాలి. మూడోది మిర్యాలగూడలో మిల్లు మిల్లుకూ ఉంది.