చీమ దూరు నింట: సటీకా తాత్పర్యం

అవతారిక: కవి నరసరావుపేట వాస్తవ్యుడు, ఈ వ్యాఖ్యాతకు బావమరిది. సెలవులకొచ్చి మా భోజనాల బల్ల మీద పల్నాటి యుద్ధం ఆడుతుంటాడు. సామగ్రి 28 మిల్లీమీటర్ల బొమ్మ భటులు, పాచికలు, కొలిచే టేపు. ‘ఈ వయసులో బొమ్మలాటలేమిటి’ అన్న వాళ్లక్కకు 1913లో హెచ్.జి. వెల్స్ రాసిన ‘లిటిల్ వార్స్’ను ప్రమాణంగా చూపించాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ సందర్భంలో వెలువడిన ఆటవెలది ఇది:

అట్ట గోడ లయ్యె నారిన జిగురుతో
పీచు కప్పు గాగ పెండె నిలిచె
చీమ దూరు నింట సేనలు డాగెరా
గాలి వీచెనేని కథ ముగియును

టీక: అట్ట = చెప్పుల డబ్బా మూత; గోడలు అయ్యెన్ = పిడుగురాళ్ల సున్నం పూయగా గోడలనిపించుకొన్నవి; పెండె = వాసాలకు అడ్డంగా కట్టే బద్ద, ఇక్కడ చీపురుపుల్ల; పీచు = కొబ్బరిపీచు. ఎవరి పీచు అన్నది కవి దాచాడు. అంట్లు తోమేది.

‘కప్పు గాగ’ అన్న రెండు మాటల్లో మూడు సాయంత్రాల పని ఉంది. పీచును పాయలుగా విడదీసి, పల్చటి జిగురులో ముంచి, చూరు దగ్గర మొదలుపెట్టి వరస మీద వరసగా వెన్ను దాకా పోవాలి. పైనుంచి కిందికి కప్పితే నిజం ఇంట్లో వాన కురుస్తుంది, బొమ్మ ఇంట్లో పరువు పోతుంది. ఇంగ్లీషువాళ్ల కుటీరాలకు చూరు కత్తెరేసినట్టు నున్నగా ఉంటుంది. మన గుడిసెకు అది పనికిరాదు. నాలుగు పోచలు వేలాడాలి, భటుడు తల వంచితే తప్ప లోపలికి పోరాదు. నిట్టాడు ఆరున్నర సెంటీమీటర్లు, అంటే నిజంలో పన్నెండడుగులు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదన్నారు గానీ, కట్టేవాడికి ఆ నిషేధం వర్తించదు.

శంక: యుద్ధం జరిగింది కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున కదా, అక్కడ గుడిసెలెందుకు? సమాధానం: ఆ యుద్ధాన్ని తలుచుకుంటూ జరిపే కారెంపూడి వీరుల ఉత్సవం కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు. అందులో మూడోనాడు మందపోరు. మంద ఉన్నచోట కాపరులుంటారు, కాపరులకు గుడిసె ఉంటుంది. ‘మాచర్ల వైపు నాపరాయి కప్పులు కదా’ అనేవారికి మరో సమాధానం: నాపరాయి బల్ల మీద పెడితే బల్లే కుంగుతుంది.

అలంకారం: ‘చీమ దూరు నింట’ అన్నది అతిశయోక్తి అని లాక్షణికులు పొరబడవచ్చు. గోడలు అతికించిన జిగురు ఉడికించిన మైదా. మర్నాటికి గుమ్మంలోంచి చీమలు బారులు తీరి, బ్రహ్మనాయుడి సేనను తోసుకుంటూ లోపలికి పోయాయి. కనుక స్వభావోక్తి.

‘గాలి’ అంటే ఫ్యాను గాలి అని గ్రహించాలి. రెంటచింతల ఎండలకు పేరుపడ్డ సీమలో ఫ్యాను ఆపి యుద్ధం చేయమనడం నలగామరాజుకైనా భావ్యం కాదు.

తాత్పర్యం: గుడిసె బాగుంది. ఫ్యాను వేశారు. కప్పు పప్పుగిన్నెలో పడింది.

పీచు ఇంకా కొనలేదు. అంట్లు నేనే తోముతున్నాను, బూడిదా చింతపండుతో.