మెసేజొస్తే లేచే వేటగాళ్లు

టెక్సాస్ నుంచి సెలవుకొచ్చిన మా గల్లీ కుర్రాడొకడు హైదరాబాదు దబీర్‌పురా దర్వాజా దగ్గర చాయ్ తాగుతూ ఫోన్ ముందుకు జరిపాడు. తెల్లవారుజామున తీసిన నలుపు తెలుపు ఫొటో. కొమ్ముల జింకొకటి తల వంచి మొక్కజొన్న తింటోంది. కింద పట్టీలో తేదీ, టైము, ఉష్ణోగ్రత, చందమామ ఎంత నిండాడో కూడా.

"అన్నా, నేను మంచం మీదున్నా అడివంత నా ఫోన్ల ఉంటది!"

ఉంటది మరి. చెట్టుకు కట్టిన ట్రెయిల్ కెమెరా ఒంటి వేడిని కనిపెట్టి, కంటికి కనపడని వెలుగులో ఫొటో తీసి, సిమ్ కార్డు మీదుగా పంపిస్తుంది. పక్కనే టైమర్ బిగించిన డ్రమ్ము వేళకు మొక్కజొన్న చల్లుతుంది. మేత వేసేది మిషను, కాపలా కాసేది మిషను, ఎప్పుడు రావాలో చెప్పేది మిషను. వీరుడి వంతు అలారం పెట్టుకోవడం, ట్రిగ్గర్ నొక్కడం. ఇదే వేటైతే బక్రీద్‌కు పొట్టేలును మేపే మా గల్లీవాళ్లంతా జిమ్ కార్బెట్‌లే. పాపం, ఆ కార్బెట్ కూడా పోనుపోను తుపాకీ కంటే కెమెరా మీదే మనసు పడ్డాడు.

"ముసలి మగదాన్నే ఎంచుకుంటం అన్నా, అడివికి మంచిదే" అన్నాడు. నెలల తరబడి ఫొటోలు చూసి, కొమ్ములు లెక్కేసి, ముద్దుపేరు కూడా పెట్టి, ఆనక కాల్చడం. అడవి మీద ఎంత ప్రేమ!

మనవాళ్లూ తక్కువేం కాదు. 2018లో యవత్మాల్‌లో పదమూడు మందిని చంపిందన్న ఆడపులి అవని కోసం మహారాష్ట్ర అటవీశాఖ హైదరాబాదు వేటగాడు నవాబ్ షఫత్ అలీ ఖాన్‌ను పిలిపించింది. కెమెరాలు, డ్రోన్లు, పారాగ్లైడర్, ఓ గోల్ఫ్ ఆటగాడి కుక్కలు, చివరికి పులిని రప్పించడానికి కాల్విన్ క్లైన్ అత్తరు. ఏనుగుల్నీ తెచ్చారు. ఏనుగంటే మా దబీర్‌పురాకు మొహర్రం పదో రోజున బీబీ కా ఆలమ్ మోసే పెద్దరికం. యవత్మాల్‌కు తెచ్చినవాటిలో ఒకటి తప్పించుకుని ఓ మహిళ ప్రాణం తీసింది. ఇంత హంగామా అయ్యాక నవంబరు 2 రాత్రి నవాబుగారి కొడుకు అస్గర్ జీపులోంచి అవనిని కాల్చి చంపాడు. అలా కాల్చిన తీరును జాతీయ పులుల సంరక్షణ సంస్థ (ఎన్‌టీసీఏ) కమిటీ తప్పుపట్టింది. పల్లెల భయం నిజమే, ఆ కెమెరాలు పెట్టడాన్ని నేను తప్పనను. శౌర్యమని మాత్రం అనకండి.

మన తెలంగాణ అమ్రాబాద్, కవ్వాల్ అడవుల్లో కెమెరా ఉన్నది పులుల్ని లెక్కపెట్టడానికి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటే నేరమైన చోట దొంగ వేటగాడు కరెంటు తీగ పరుస్తాడు, కెమెరా కనిపిస్తే దడుచుకుంటాడు. అమెరికాలో వేటగాడే దాన్ని డబ్బిచ్చి కొంటాడు.

అక్కడా అందరూ మెచ్చుకోలేదు. నీటి గుంటల చుట్టూ కెమెరాలు మరీ ఎక్కువయ్యేసరికి, వేట కోసం వాటిని వాడటాన్ని 2022 జనవరి 1 నుంచి అరిజోనా నిషేధించింది. ఇది న్యాయమైన వేట కాదని తేల్చింది జంతుప్రేమికుల సంఘం కాదు, తుపాకులకు పెట్టింది పేరైన రాష్ట్రం.