కర్ర చేత బట్టి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

ముందుగా ఊరి నిర్ణయం. ఈ పద్యం పుట్టిన గూడూరు బందరుకీ పామర్రుకీ నడుమ, జాతీయ రహదారి మీద ఉన్నది. రైలు జంక్షను గూడూరు కాదు. కర్నూలు పక్క గూడూరు అసలే కాదు. ఆ ఊరివాళ్లకి నల్లమల మాకన్నా దగ్గర కాబట్టి ఈ పద్యంతో పని పడదు. మా గూడూరులో బంతిని నేల మీద పెడితే ఎటు దొర్లాలో దానికే తోచదు. మేమెరిగిన ఎత్తులు మూడు: కాలవ గట్టు, గడ్డివాము, మిల్లులో బస్తాల నెట్టు.

ఇలాంటి ఊరికి శ్రీశైలం కొండ మీదికి గాలి ఎందుకు మళ్లింది? బృహత్పలాయన గోత్రం వాడైన జయవర్మ తన కొండముది శాసనాన్ని కూదూరు నుంచి ఇచ్చాడు. ఆ కూదూరు ఈ గూడూరేనని చరిత్రకారుల్లో ఒక పక్షం. రెండో శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న కొద్దూర కూడా ఇదేనని వారి మాట. జయవర్మ మహేశ్వర భక్తుడని శాసనమే అంటోంది. శివుడి పేరు చెప్పి కాళ్లు నొప్పి చేసుకోవడం ఈ ఊరికి ఆనాటి నుంచీ ఉండే ఉంటుందని వ్యాఖ్యాత ఊహ.

మూలకర్త ఊళ్లో ఎరువుల కొట్టు నడిపే పెద్దాయన. శివరాత్రికి ఆత్మకూరు వైపు కాలిదారిన శ్రీశైలం వెళ్లొచ్చి, మరుసటేడు వెళ్లబోయే కుర్రాళ్లకి రసీదు పుస్తకం అట్ట వెనక ఇది రాసిచ్చాడు. కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. మూలం నాలుగే పాదాలు, దారి 40 కిలోమీటర్ల పైమాట. కాబట్టి మాకు ఆ ఒట్టు కుదరదు.

మూలం

ఆ. కర్ర చేత బట్టి గట్టిగా నడువుమీ
నాగలూటి దాటి నలత లేక
భీమకొలను నీట బెల్లమ్ము నటుకులు
నానబెట్టి తినుము నడుము వాల్చి

ప్రతిపదార్థం

కర్ర = ఊతకోలను; చేత బట్టి = చేతితో పట్టుకుని; నాగలూటి = ఆ పేరుగల మజిలీని; దాటి = గడిచి; నలత లేక = ఒళ్లు వెచ్చబడకుండా, కాలు బొబ్బలెక్కకుండా; గట్టిగా నడువుమీ = దిటవుగా నడువుమా; భీమకొలను నీట = భీముని కొలను నీళ్లలో; బెల్లమ్మున్ అటుకులు = బెల్లమును, అటుకులను; నానబెట్టి = మెత్తబడనిచ్చి; నడుము వాల్చి = ఒరిగి; తినుము = ఆరగింపుము.

వ్యాఖ్య

*చేత బట్టి.* కర్రను పట్టుకునేది చేతితోనే కదా, మళ్లీ "చేత" అనడం వ్యర్థపదం కాదా అని శంక. కాదు. ఉగాదికి కన్నడ భక్తులు ఇదే దారిన వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి సారె తెస్తారు. వాళ్లలో కొందరు మొక్కుగా కర్రలను కాళ్లకు కట్టుకుని, వాటి మీదే నడుస్తారు. అది చూసి వచ్చిన కవికి మా కుర్రాళ్ల ఉత్సాహం ఎరుకే. కనుక కర్ర కాలికి కాదు, చేతికి అని నియమించాడు. పదం సార్థకం.

*గట్టిగా.* కర్రను గట్టిగా పట్టాలా, గట్టిగా నడవాలా? గడప మీద దీపం ఇంట్లోకీ వాకిట్లోకీ వెలుగిచ్చినట్టు, దేహళీదీపన్యాయాన ఇది రెండింటికీ అన్వయిస్తుంది. "గట్టిగా అరుస్తూ" అని మూడో అర్థం చెప్పే కుర్రాళ్లున్నారు. ఈ దారి ఉన్నది నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంలో. పులికి వ్యాకరణంతో పని లేదు గనుక ఆ అర్థం గ్రాహ్యం కాదు.

*నాగలూటి.* ఆత్మకూరు నుంచి వెంకటాపురం చేరి, అడవిలో అడుగుపెట్టాక వచ్చే మజిలీ. వీరభద్రుడి గుడి, పాత కోనేరు ఉన్న చోటు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి శ్రీశైలం వెళ్లింది కూడా ఈ మజిలీల మీదుగానే. ఆయన పల్లకీ బోయీలతో, పరివారంతో వెళ్లాడు. మావాళ్లు వీపుసంచీలతో వెళ్లారు. తరువాతి మజిలీ ఎంత దూరమనే ప్రశ్న ఇద్దరికీ ఒకటే.

*దాటి.* ఇక్కడ పెద్ద ఆక్షేపణ ఉంది. నాగలూటికీ భీముని కొలనుకీ మధ్య పెచ్చెరువు ఉంది, మఠంబావి ఉంది. కవి ఒక్క "దాటి"తో రెండిటినీ మింగేశాడు. ఇది న్యూనపదదోషం కాదా? మఠంబావికి సమాధానం తేలిక. ఆ పేరు లఘువు మీద గురువుతో మొదలవుతుంది. ఆటవెలదిలో ఏ గణమూ అలా మొదలవదు. పెచ్చెరువుకి ఆ సాకు లేదు, "పెచ్చెరువున" అంటే రెండు సూర్యగణాలు చక్కగా పడతాయి. మరి ఎందుకు వదిలాడు? అక్కడి చెంచుగూడెం పక్కన జంపఖానా పరుచుకుని తెల్లవార్లూ నిద్రపోయాడు గనుక ఆ ఊరు తన అనుభవంలో లేదని కవి వాంగ్మూలం.

దోషం పక్కన పెట్టి, వదిలిన పేర్లు కూడా కలుపుకుని చదివితే అసలు రహస్యం బయటపడుతుంది. నాగలూటిలో కోనేరు. పెచ్చెరువులో పేరులోనే చెరువు. మఠంబావిలో బావి. భీముని కొలనులో కొలను. మజిలీలను దూరం కొలిచి పెట్టలేదు, నీళ్లు చూసి పెట్టారు. ఈ దారికి మార్గదర్శి అక్కర్లేదు. ఊళ్ల పేర్లు వరసగా అప్పజెప్పగలిగితే నీళ్ల పట్టిక నోటికొచ్చినట్టే. కృష్ణా డెల్టా మనిషికి ఇది ఎవరైనా చెబితేగాని తట్టదు. శివారు పొలాలకి నీళ్లందలేదని లాకుల దగ్గర పోట్లాడటం మాకు తెలుసు. నీళ్లున్న చోటికి మనమే నడిచిపోవడం తెలియదు.

పూర్వపక్షం

జ్యూరిక్‌లో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు ఇక్కడ అడ్డుపడ్డాడు. "మావయ్యా, కొండల్లో గుడిసె నుంచి గుడిసెకి నడవడమంటే ఆల్ప్స్‌లో చూడాలి. 1863లో స్విస్ ఆల్పైన్ క్లబ్బు పెట్టారు, ఆ ఏడే గ్రూన్‌హార్న్ దగ్గర మొదటి గుడిసె కట్టారు. ఇప్పుడైతే పరుపు ముందే బుక్ చేసుకోవచ్చు. సాయంత్రానికి వేడి సూపు. మలుపు మలుపుకీ పసుపుపచ్చ బోర్డు, ఎన్ని గంటల నడకో దాని మీదే రాసి ఉంటుంది."

సిద్ధాంతం

"ఉండనీరా అబ్బాయ్. మాకూ అన్నీ ఉన్నాయి. శివరాత్రి రోజుల్లో పందిళ్లలో అన్నదానం, అందులో సాంబారు మీ సూపుకన్నా వేడి. తువ్వాలు ముందు పరిచినవాడిదే బుకింగు. బోర్డు కావాలంటే కాళ్ల కిందే ఉంది, రాతి మెట్లు." ఆ మెట్లకు అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి పేరు చెబుతారు. 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించిన కీర్తి ఆయనది. ఒక్క తేడా మాత్రం ఒప్పుకోవాలి. ఆల్ప్స్ గుడిసె ఒక క్లబ్బు కట్టింది. ఇక్కడి మజిలీ పండగ కడుతుంది, పండగ వెళ్లాక విప్పేస్తుంది. మిగతా రోజుల్లో అది అడవి, అందులో అటవీశాఖ మాటే చెల్లుతుంది.

మరికొంత వ్యాఖ్య

*భీమకొలను నీట.* దారి ఇక్కడ లోయలోకి దిగిపోతుంది. దిగేటప్పుడు మోకాలి చిప్ప మాట్లాడుతుంది, అవతల కైలాసద్వారానికి ఎక్కేటప్పుడు పిక్క మాట్లాడుతుంది. మెట్లు ఒకటి జానెడు, ఒకటి మూరెడు. చదును నేల మీద మూడు మైళ్లు నడిచి ఆయాసం ఎరుగని మావాళ్లు ఇక్కడ ప్రతి మలుపులోనూ ఆగి, ప్రకృతిని మెచ్చుకున్నారు.

*బెల్లమ్ము నటుకులు.* ఏ అటుకులో కవి చెప్పలేదు, సందర్భాన్ని బట్టి దొడ్డ అటుకులే గ్రాహ్యం. కాగితం అటుకులు నీళ్లు తగలగానే జావ అవుతాయి. పద్ధతి ఇది: అటుకులు పల్చటి గుడ్డలో మూటగట్టి, నీళ్లలో ఒక్క ముంపు ముంచి, పిండి, టిఫిను గిన్నెలోకి దులపాలి. బెల్లం ముక్కని రాతి మీద పెట్టి కర్ర మొదలుతో చితక్కొట్టాలి. చేతికిచ్చిన కర్రకి ఇక్కడ రెండో ఉపయోగం. కలిపి మూత పెట్టాలి. పెట్టకపోతే చీమలు ముందు తింటాయి. ఇక ఆగాలి. ఆ ఆగడంలోనే కవి చమత్కారమంతా ఉంది. అటుకులు నానేంతసేపే విశ్రాంతి. గడియారం అక్కర్లేని కొలత.

పాఠాంతరం

"నడుము నిల్పి" అని కుర్రాళ్ల ప్రతిలో ఉంది. అట్ట మీద టీ ఒలికి ఆ చోట అక్షరం చెరిగింది. నిల్పి అనే పక్షం వాదన: ఎదురుగా కైలాసద్వారం ఎక్కుడు పెట్టుకుని నడుము వాల్చినవాడు లేవడు. వాల్చి అనే పక్షం వాదన: వాల్చకపోతే ఎక్కలేడు. రెండూ అనుభవవాక్యాలే. నానే వరకు వాల్చి, నానాక నిల్పి తినమని సమన్వయం.

ఛందస్సు, అలంకారం, ధ్వని

నాలుగు పాదాల్లోనూ యతి చక్కగా కుదిరింది. అలంకారం స్వభావోక్తి, "నలత లేక" అన్నచోట మాత్రం అతిశయోక్తి. రసం వీరంతో మొదలై, లోయలో కరుణలోకి జారి, అటుకుల దగ్గర శాంతంలో నిలిచింది.

ధ్వని ఒకటి ఉంది. శ్రీశైలం నడిచేవాడికి రాసిన పద్యంలో మల్లన్న మాట లేదు. గుడి చేరినవాడికి చెప్పాల్సిన పద్యాలు బోలెడున్నాయి. దారి మధ్యలో దాహమేసినవాడికి చెప్పాల్సిన పద్యం ఇదొక్కటే అని కవి భావం.

శంక

విజయవాడ నుంచి దోర్నాల మీదుగా బస్సు కొండ మీద గుడి దగ్గరే దింపుతుండగా ఈ శ్రమ ఎందుకు?

సమాధానం

బస్సులో వెళ్లినవాడికి అక్కడ కృష్ణ ఒక డ్యాము. ఫొటో తీసుకుని వస్తాడు. నడిచినవాడు బావి నుంచి కొలనుకి నాలుక పిడచగట్టుకుని నడిచి, చివరికి పాతాళగంగలో దిగుతాడు. మా వీధి చివర బందరు కాలవలో పారేది ఆ కృష్ణే. పుట్టినప్పటి నుంచీ గట్టు మీద కూర్చుని చూసిన నీటికి విలువ కట్టడానికి, నీళ్లు పట్టిక వేసుకుని నడవాల్సిన నేల మీద ఒక్కసారైనా నడవాలి.

తాత్పర్యం

ఓ గూడూరువాడా! అటవీశాఖ దారి తెరిచే శివరాత్రి, ఉగాది రోజుల్లోనే బయలుదేరు. చీకటి పడకముందే మజిలీ చేరు. కర్ర చేత పట్టు, కాలికి కట్టకు. ఒక నీటి నుంచి ఇంకో నీటికి లెక్క వేసుకుని నడువు. దొడ్డ అటుకులు తీసుకెళ్లు, ప్లాస్టిక్ మాత్రం ఇంట్లో వదిలెయ్యి. కొలను దగ్గర అటుకులు నానేవరకే ఒరుగు, తిన్న వెంటనే లే.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని మూడు పూటలా పఠించినవారికి మోకాళ్ల నొప్పులు తగ్గవు. అర్థం తెలిసి పఠించినవారు మాత్రం లాకుల దగ్గర తగాదాలో గొంతు ఒక స్థాయి తగ్గిస్తారని కొందరి నమ్మకం. ఎరువుల కొట్టాయన ఈ మధ్యనే అలా తగ్గించాడు. శివారు రైతులకి అది నచ్చలేదు.

ఇది కాలవగట్టు వాస్తవ్యుడు, కొండ ఎక్కి దిగినవాడు చేసిన అటుకుల టీక. ఉగాది ముందు మరో ప్రతి రాయబడును.