కరెంట్ మిర్రర్ కట్టేవారికి కొన్ని అమూల్య సలహాలు

పాఠ్యపుస్తకంలో కరెంట్ సోర్స్ అంటే ఒక గుండ్రం, లోపల ఒక బాణం. ఆ బొమ్మను మనసారా నమ్మండి. లోడ్ ఏదైనా కానీ, 1 మిల్లీ ఆంప్ అంటే 1 మిల్లీ ఆంపే. మొదటిదాని కరెంటును రెండోది నకలు చేస్తుందని బ్రెడ్‌బోర్డు మీద మీరు గుచ్చిన రెండు ట్రాన్సిస్టర్లకు ఆ సంగతి తెలియకపోతే తప్పు వాటిదే.

కొనేటప్పుడు బేరం చూడండి గానీ జోడీ చూడకండి. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక బీసీ547 ఈ కొట్లో, ఇంకోటి పక్క కొట్లో తీసుకోండి. పేరు ఒకటేగా! రెండింటి బేస్-ఎమిటర్ వోల్టేజీల్లో 1 మిల్లీవోల్టు తేడా ఉంటే కరెంటు 4 శాతం తప్పుతుందనీ, 18 మిల్లీవోల్టులైతే ఏకంగా రెట్టింపో సగమో అవుతుందనీ భయపెట్టేవాళ్లుంటారు. ఎమిటర్లకు చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఆ తప్పు దాదాపు ఐదో వంతుకు దిగుతుందట. రెండు రెసిస్టర్లు దండగ.

సప్లై 12 వోల్టులు ఇవ్వండి. మొదటి ట్రాన్సిస్టర్ 0.7 వోల్టుల దగ్గర ఉంటుంది. లోడ్ చిన్నదైతే రెండోదాని మీద 11 దాకా నిలుస్తుంది. ఎర్లీ వోల్టేజీ 100 అనుకుంటే కరెంటు పది శాతం ఎక్కువే వస్తుంది. అడిగినదానికన్నా ఎక్కువిస్తే ఎవరైనా కాదంటారా?

పైగా ఆ రెండోదే వేడెక్కుతుంది. మొదటిదానికన్నా ఒక్క డిగ్రీ వేడెక్కితే చాలు, కరెంటు ఏడెనిమిది శాతం పెరుగుతుంది. దీన్ని వాడుకోవడం నేర్చుకోండి. మీటర్ తక్కువ చూపిస్తే రెండో ట్రాన్సిస్టర్‌ను వేళ్లతో పట్టుకోండి, అంకెలు పైకి పాకుతాయి. ఎక్కువ చూపిస్తే మొదటిదాన్ని పట్టుకోండి, దిగుతాయి. మార్కులు పడేదాకా వదలకండి.

ఇక 22 కిలో ఓమ్‌ల లోడ్ తగిలించండి. 1 మిల్లీ ఆంప్ పారాలంటే దాని మీద 22 వోల్టులు పడాలి, మీ దగ్గరున్నవి పన్నెండే. ఫర్వాలేదు, మిగతా పది బాణం తెచ్చుకుంటుంది. తేలేక ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లో కూలబడి, కరెంటు అర మిల్లీ ఆంప్ చిల్లర దగ్గర ఆగిపోతే మీటర్ మార్చండి.

బేస్ కరెంట్ల వల్ల బీటా 100 ఉన్నప్పుడు నకలు కరెంటు 2 శాతం తగ్గుతుందని, 1967లో టెక్‌ట్రానిక్స్‌లో జార్జ్ విల్సన్ మూడో ట్రాన్సిస్టర్ చేర్చి ఆ తప్పును దాదాపు పోగొట్టాడు. అమెరికాలో తీరిక ఎక్కువ.

రికార్డులో మాత్రం 1.000 మిల్లీ ఆంప్ అనే రాయండి. మీ మీటర్‌లో మూడు దశాంశాలు లేకపోయినా సరే.