బుధవారం పదకొండు గంటలకి

శ్రీకాకుళంలోని ఆ ఆఫీసులో ఆమెది జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం. అయినా పెద్దలందరి సమయం ఆమె చేతిలోనే ఉండేది. ఎవరికి వాళ్లు తమ గూగుల్ క్యాలెండర్ ఆమెకి షేర్ చేసేశారు. కొందరివి ఏ గంట ఖాళీయో అంతవరకే కనిపిస్తాయి. కొందరివి ఆమె తెరిచి మార్చొచ్చు కూడా. సోమవారం అర్జీల రోజు, ఎవరూ దొరకరు. మిగతా రోజులు వీడియో కాన్ఫరెన్సులు, టెలికాన్ఫరెన్సులు, క్యాంపులు. వీటి మధ్య ఆరుగురు పెద్దల్ని ఒక గదిలో కూర్చోబెట్టడమంటే మాటలు కాదు.

ఈసారి విషయం ప్రాణాలది. ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునేవాళ్లలో కొందరు మధ్యమధ్యలో మానేస్తున్నారు. ఎందుకు మానేస్తున్నారో తేల్చాలని సమావేశం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస... కొబ్బరితోటలూ జీడితోటలూ నిండిన ఆ నేల మీద కిడ్నీ జబ్బు ఎందుకింతగా పాకిందో, ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఊళ్లకి దగ్గర్లో డయాలసిస్ కేంద్రాలున్నాయి. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండాలి. ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండే ఆగిపోవచ్చు. ఇంత తెలిసీ ఎలా మానేస్తున్నారు?

ఆమె ఆరు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. విశాఖపట్నం నుంచి రావలసిన కిడ్నీ డాక్టరుగారికి మంగళవారం ఓపీ. నీటి పథకం ఇంజినీరుగారు గురువారం టూర్లో ఉంటారు. ఆఫీసరుగారికి బుధవారం పదిన్నర దాకా వీడియో కాన్ఫరెన్స్. ఒకరి శిక్షణ తరగతి శుక్రవారానికి జరిపింది, ఇంకొకరి తనిఖీ ముందుకు తెచ్చింది. చివరికి బుధవారం పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా ఆరు వరసల్లోనూ తెల్లగా కనబడింది. ఆహ్వానం పంపితే సాయంత్రానికల్లా ఆరుగురూ వస్తామన్నారు.

"రోగుల తరఫున కూడా ఒకర్ని పిలవమ్మా, వాళ్ల మాటా వినాలి కదా" అన్నారు ఆఫీసరుగారు. కవిటి దగ్గర ఊళ్లో ఒక పెద్దాయన నెంబరు దొరికింది. ఫోన్ చేసింది.

"తాతా, బుధవారం పదకొండు గంటలకి మీటింగు. శ్రీకాకుళం రావాలి."

అవతల కాసేపు మాట లేదు. "బుధవారమేనేటమ్మా? గురువారం పెట్టడానికి అవదా?"

"అవదు తాతా. అందరికీ ఖాళీ ఉన్నది ఆ రోజొక్కటే."

"అలాగైతే ఒచ్చెస్తానులే తల్లీ. మా కోసరమే కదేటి పెడతన్నారు."

బుధవారం తెల్లవారకముందే బస్సెక్కి, నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి, పది కాకుండానే వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడాయన. పాదాలు వాచి ఉన్నాయి. ఎడమచేతి మీద డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన నరం ఉబ్బి కనిపిస్తోంది. ఆమె బొండాం కొట్టించి తెచ్చిచ్చింది.

"నాకిది తాగకూడదమ్మా. మా తోటలో కాసినవీ ముట్టడం మానేసినాను" అని, సీసా మూతలో నీళ్లు పోసుకుని గొంతు తడుపుకున్నాడు.

సరిగ్గా పదకొండింటికి సమావేశం మొదలైంది. తెర మీద లెక్కలు, పటాలు. రోగులు డయాలసిస్ ఎందుకు మానేస్తున్నారన్న పేజీ వచ్చింది. బస్సు ఖర్చు, పెళ్లిళ్లు, పండగలు, వెంట వచ్చే మనిషి లేకపోవడం. అన్నిటికన్నా పైన పెద్దక్షరాల్లో, అవగాహన లోపం. ఊరూరా అవగాహన సదస్సులు పెట్టాలనీ, గోడల మీద రాయించాలనీ తీర్మానించారు. ఇంతమందిని ఒక్కచోట చేర్చినందుకు ఆఫీసరుగారు ఆమెని పేరుపెట్టి మెచ్చుకున్నారు. తరవాత పెద్దాయన వైపు తిరిగారు.

"పెద్దాయనా, ఒక్కరోజు మానేసినా ఎంత ప్రమాదమో విన్నారు కదా. మీ ఊళ్లోవాళ్లకి మీరే చెప్పాలి."

ఆయన కుర్చీ పట్టుకుని లేచాడు.

"సెప్తాను బాబూ. నాకు తెలీకపోవడమేటి, నాలుగేళ్లనుంచి మిషన్ మీదే బతుకుతన్నాను. మరి నన్ను బేగి ఒదిలీండి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దుట నా వంతు. ఇయ్యాల్టిది ఎలాగూ పోనాది. సాయంత్రం ఏ మిషనైనా ఖాళీ అవుద్దేమో ఎల్లి అడుగుతాను."

ఏ రోగి వంతు ఏ రోజో డయాలసిస్ కేంద్రం రిజిస్టరులో రాసే ఉంటుంది. సమావేశం పెట్టేముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది. గురువారం పెట్టడానికి అవదా అని ఆయన అడిగినప్పుడు ఎందుకని అడిగినా తెలిసేది.

ఆ సాయంత్రం మిషన్ ఏదీ ఖాళీ కాలేదు.

నెలాఖరున, డయాలసిస్ మానేసినవాళ్ల జాబితా ఆఫీసుకి వచ్చింది. అందులో ఆయన పేరు, ఎదురుగా ఆ బుధవారం తేదీ ఉన్నాయి. కారణం అన్న గడిలో ఇలా రాసి ఉంది: అవగాహన లోపం.