చేతిలో ఉన్న జవాబు

నేను రాసిన ఒక్క మెసేజ్ ఒక కుర్రాడి చేత దాదాపు రెండు వేలు ఖర్చు పెట్టించింది. "గ్రాఫిక్స్ సపోర్ట్ లేదు. డ్రైవర్ అప్‌డేట్ చేయండి." అంతే.

త్రీడీ మోడళ్లు తిప్పి చూసుకునే చిన్న ప్రోగ్రాం రాసి, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ వదిలేశాను. మద్దిలపాలెం బస్టాండ్ వెనక సందులో, మా మేడ మీద గదిలో అద్దెకుండే ఇంజనీరింగ్ కుర్రాడు దాన్ని తన పాత ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాడు. మెసేజ్ నమ్మి రెండుసార్లు డ్రైవర్ మార్చాడు. విండోస్ మళ్లీ ఎక్కించాడు. ఆఖరికి ఎవరో చెబితే, మెస్ డబ్బుల్లో మిగుల్చుకున్నది పెట్టి ర్యామ్ వేయించాడు. అప్పుడు మా తలుపు తట్టాడు.

"అన్నయ్యా, ర్యామ్ మార్పించినా అదే అంటంది. ఇప్పుడేటి చెయ్యాలి?"

చూస్తే ఇంటెల్ హెచ్‌డీ 3000, 2011 నాటి చిప్పు. త్రీడీ బొమ్మలు గీయడానికి ప్రోగ్రాంలు వాడే ఓపెన్‌జీఎల్ విషయంలో, విండోస్‌లో దాని డ్రైవర్ 3.1 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. నా ప్రోగ్రాంకి 3.3 కావాలి. అదే ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే మెసా డ్రైవర్ 3.3 ఇస్తుంది, పైసా ఖర్చు లేకుండా.

ఆ రాత్రి కోడ్ తెరిచాను. ప్రోగ్రాం మొదలవగానే చిప్పు పేరు, వెర్షన్ అడుగుతోంది. 3.1 అని జవాబొస్తోంది. తక్కువని తేలగానే ఆ అంకెను పారేసి, గాలిమాట ఒకటి తెర మీద పెడుతున్నాను. మామూలు మనిషికి అంకెలెందుకు, కంగారు పడతాడు అనుకున్నాను. అతనికి అర్థం కాకపోయినా, అర్థమయ్యేవాడికి చూపించుకుంటాడన్న ఆలోచనే రాలేదు.

పైగా ఇది నాకూ జరిగిందే. 2019 జులైలో వచ్చిన త్రీడీ ప్రోగ్రాం బ్లెండర్ 2.80 నా పాత మెషీన్‌లో తెరుచుకోలేదు. కానీ ఓపెన్‌జీఎల్ 3.3 కావాలని అది చూపిన మెసేజ్‌లో రాసి ఉంది. ఆ అంకె పట్టుకునే అరగంటలో కారణం తెలుసుకున్నాను. నాకు అందిన ఆ సాయాన్ని నా ప్రోగ్రాం వాడేవాళ్లకు అందకుండా చేశాను.

మర్నాడు కొత్త మెసేజ్ రాసి అతనికే చూపించాను: "ఓపెన్‌జీఎల్ 3.3 కావాలి. మీ ఇంటెల్ హెచ్‌డీ 3000, ఈ డ్రైవర్‌తో 3.1 వరకే ఇస్తోంది. విండోస్‌లో దీనికి అంతకు మించిన డ్రైవర్ లేదు. లినక్స్‌లో పనిచేస్తుంది."

రెండుసార్లు చదివాడు.

"ర్యామ్ పెంచినా లాభం లేదని కూడా రాసీ అన్నయ్యా."

రాశాను.